లేజర్ వెలుగులో పరమాణువు – 4వ పాఠం: మూడు శిఖరాలను చదవడం

గత పాఠంలో రాబీ డోలనం దగ్గర ఆగాం. లేజర్ పడుతున్నంతసేపూ పరమాణువు కింది స్థితికీ పై స్థితికీ మధ్య ఊగుతుంది. ఆ ఊగే వేగమే రాబీ ఫ్రీక్వెన్సీ. పరమాణువు వదిలే కాంతిని చూసి ఆ వేగాన్ని రాబట్టడం ఈసారి నేర్చుకుందాం.

మన పరమాణువు సోడియం. 589 నానోమీటర్ల పసుపు గీత, సహజ వెడల్పు (పరమాణువు కదలకున్నా గీతకు ఉండే వెడల్పు) సుమారు 10 మెగాహెర్ట్జ్. లేజర్‌ను సరిగ్గా ఆ గీత మీదే పెట్టాం. లేజర్ బలహీనంగా ఉన్నప్పుడు బయటికొచ్చే కాంతి దాదాపు అంతా లేజర్ ఫ్రీక్వెన్సీలోనే, లేజరంత సన్నగానే ఉంటుంది. తీవ్రత బాగా పెంచితే ఆ గీతకు అటూ ఇటూ రెండు కొత్త శిఖరాలు లేస్తాయి. 1969లో బెంజమిన్ మాలో లెక్కగట్టి చెప్పింది ఇదే. 1970లలో సోడియం పరమాణువుల పుంజంతో చేసిన ప్రయోగాల్లో అది కనిపించింది. మామూలు ఆవిరి తీసుకుంటే డాప్లర్ విస్తరణ (పరమాణువులు అన్ని వైపులా కదలడం వల్ల గీత వెడల్పవడం) గిగాహెర్ట్జ్ దాటి శిఖరాలన్నిటినీ మింగేస్తుంది. అందుకే పుంజం, దానికి అడ్డంగా లేజర్.

మూడే ఎందుకు? పరమాణువునూ లేజర్ ఫోటాన్లనూ కలిపి ఒకే వ్యవస్థగా చూడండి. అప్పుడు శక్తి మెట్లు జంటలు జంటలుగా ఉంటాయి. జంటలోని రెంటి మధ్య ఎడం రాబీ ఫ్రీక్వెన్సీ అంత. ఒక జంట నుంచి కింది జంటకు దిగే దారులు నాలుగు. వాటిలో రెండు ఒకే ఫ్రీక్వెన్సీవి, అవే మధ్య శిఖరం. మిగతా రెండూ చెరో పక్కకు పోతాయి. కాబట్టి వైశాల్యాల నిష్పత్తి 1:2:1. కానీ పక్క శిఖరాలు మధ్యదానికి ఒకటిన్నర రెట్లు వెడల్పు, అందుకే ఎత్తులు 1:3:1 అవుతాయి. ఈ రెండు నిష్పత్తులను కలగాపులగం చేసుకోకండి, చాలామంది తడబడేది ఇక్కడే.

లెక్క చేద్దాం. పక్క శిఖరాలు మధ్య నుంచి 60 మెగాహెర్ట్జ్ దూరంలో ఉన్నాయి. అంటే రాబీ ఫ్రీక్వెన్సీ 60. దాన్ని సహజ వెడల్పు 10తో భాగిస్తే 6, వర్గం 36, రెట్టింపు 72. ఇది సంతృప్త పరామితి, అంటే లేజర్ పరమాణువును ఎంత బలంగా ఊపుతోందో చెప్పే సంఖ్య. వెలువడే మొత్తం కాంతిలో లేజర్‌తో దశ కలిసిన భాగం (మొదట చెప్పిన, లేజరంత సన్నని కాంతి) 1/(1+72), అంటే సుమారు 1.4 శాతం. మిగతాదంతా మూడు శిఖరాల్లో ఉంది.

అభ్యాసం: లేజర్ తీవ్రతను నాలుగు రెట్లు చేయండి. రాబీ ఫ్రీక్వెన్సీ తీవ్రత వర్గమూలంతో పెరుగుతుందని గుర్తుంచుకుని, పక్క శిఖరాల స్థానం, వెడల్పు, దశ కలిసిన కాంతి శాతం రాయండి. వచ్చే పాఠంలో ఫోటాన్ల మధ్య విరామాలను కొలుద్దాం.