ఉద్యమ నిర్మాణం నేర్చుకుందాం – 3వ పాఠం: నేర్పే మనిషిని వెతకడం

పోయిన పాఠంలో, అమెరికాలో నల్లజాతీయులు బస్సుల్లో వివక్ష మీద చేసిన మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ గురించి చదివాం. 1955 డిసెంబర్‌లో మొదలై 381 రోజులు నడిచిన ఆ పోరాటంలో జనం రోజూ పనులకు వెళ్ళడానికి కార్లు ఎలా సర్దుకున్నారో చూశాం. చివర్లో మీకొక పని ఇచ్చాను: మీ ప్రాంతంలో ఓటుకు సంబంధించిన ఒకే ఒక్క సమస్యను రెండు వాక్యాల్లో రాయమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఇది చదవండి.

సమస్య దొరకగానే చాలామంది సభ పెడదామంటారు. మైకు, ఫ్లెక్సీ, బాగా మాట్లాడే వక్త కోసం పరుగులు మొదలవుతాయి. ఆ పని ఇప్పుడే వద్దు. పదిమందిని కూర్చోబెట్టి ఓపిగ్గా నేర్పగలిగే మనిషిని ముందు కనిపెట్టాలి. అమెరికాలో నల్లజాతీయుల ఓటు హక్కు పోరాటాన్ని నిలబెట్టింది ఇలాంటి మనుషులేనని నేను గట్టిగా నమ్ముతాను. 1965లో ఓటు హక్కు కోసం జరిగిన సెల్మా ఊరేగింపు ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఆ ఊరేగింపుకు ఎనిమిదేళ్ళ ముందు ఒక కొట్టు వెనక గదిలో నడిచిన రాత్రి బడి గురించి మాత్రం చాలామందికి తెలియదు.

జాన్స్ ఐలండ్ రాత్రి బడి

సౌత్ కరొలైనా రాష్ట్రంలో చార్ల్‌స్టన్ నగరం పక్కనే జాన్స్ ఐలండ్ అనే దీవి ఉంది. అక్కడ ఈసా జెంకిన్స్ అనే నల్లజాతి రైతు, చిన్న వ్యాపారి ఉండేవారు. దీవిలోని పనివాళ్ళను పొద్దున్నే చార్ల్‌స్టన్ తీసుకెళ్ళే బస్సు ఆయనే నడిపేవారు. ఆ రోజుల్లో అక్కడ ఓటరుగా నమోదు కావాలంటే, ఆస్తిపాస్తులు లేనివాళ్ళు రాష్ట్ర రాజ్యాంగంలో ఒక భాగం అధికారి ముందు చదివి వినిపించాలి. జెంకిన్స్ బస్సులోనే ప్రయాణికులకు ఆ భాగాలు వల్లె వేయించేవారు. ఆలిస్ వైన్ అనే ఆవిడ అలాగే కంఠతా పట్టేశారు. కానీ ఆవిడకు చదవడం రాదు. నాకు చదువే నేర్పించండని అడిగారు. బట్టీతో ఎంతోమందిని గట్టెక్కించలేమని జెంకిన్స్‌కు అర్థమైంది. పెద్దవాళ్ళ కోసం ఒక బడి కావాలి.

ఆయనకు తోడు నిలిచినవారు సెప్టిమా క్లార్క్. ఈమె చార్ల్‌స్టన్‌లో పుట్టి, జాన్స్ ఐలండ్‌లోనే టీచరుగా ఉద్యోగ జీవితం మొదలుపెట్టారు. 1956లో సౌత్ కరొలైనా ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీలో సభ్యత్వం ఉన్నవాళ్ళు ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉండకూడదన్నది దాని సారాంశం. క్లార్క్ తన సభ్యత్వాన్ని దాచిపెట్టలేదు. నలభై ఏళ్ళు చేసిన ఉద్యోగమూ పోయింది, పింఛనూ పోయింది. ఆ తర్వాత ఆమె టెనెసీలోని హైలాండర్ అనే శిక్షణ కేంద్రంలో చేరారు. మాంట్‌గోమరీ పోరాటానికి నాంది పలికిన రోజా పార్క్స్ బస్సులో సీటు వదలనని కూర్చోవడానికి కొన్ని నెలల ముందు శిక్షణకు వెళ్ళింది కూడా ఈ హైలాండర్‌కే.

హైలాండర్ అప్పు ఇస్తే జాన్స్ ఐలండ్‌లో ఒక పాత భవనం కొన్నారు. ముందు భాగంలో సహకార కిరాణా కొట్టు పెట్టారు, వెనక గదుల్లో బడి. బయటి నుంచి చూసే తెల్లవాళ్ళకు కొట్టు మాత్రమే కనిపిస్తుంది. దీన్ని ఒక జాగ్రత్తగానే చూసి వదిలేయకండి. ఆ కొట్టుకు జనం ఎలాగూ రోజూ వస్తారు. సమావేశానికి రమ్మని ఎవరినీ కొత్తగా బతిమాలాల్సిన పని లేదు.

ఇక పాఠం ఎవరు చెప్పాలి? ఈ పాఠానికి కీలకం ఇక్కడే ఉంది. టీచర్లను పెట్టవచ్చు కదా అనిపిస్తుంది. క్లార్క్ ఒప్పుకోలేదు. ఆమె ఎంచుకున్నది తన బంధువు బర్నీస్ రాబిన్సన్‌ను. రాబిన్సన్ వృత్తి ఆడవాళ్ళకు జుట్టు అలంకరించడం. బట్టలు కూడా కుట్టేవారు. ఎప్పుడూ బడిలో పాఠం చెప్పినవారు కాదు, మొదట నావల్ల కాదన్నారు కూడా.

క్లార్క్ ఎంపిక వెనక ఉన్న లెక్క చూడండి. రాబిన్సన్ దగ్గరికి వచ్చేవాళ్ళంతా నల్లజాతి ఆడవాళ్ళే. ఆమె సంపాదన ఏ తెల్ల యజమాని చేతిలోనూ లేదు, అందుకే ఉద్యోగం తీసేస్తామని ఎవరూ బెదిరించలేరు. క్లార్క్‌కు జరిగింది రాబిన్సన్‌కు జరగదు. రెండోది, నలుగురూ వచ్చి కూర్చుని మాట్లాడుకునే చోటు ఆమెది. ఎవరింట్లో ఏముందో ఆమెకు తెలుసు, ఆమె మాట మీద గురి ఉంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యమని నాకనిపిస్తుంది: అక్షరం రాని పెద్ద మనిషి ముందు కూర్చున్నప్పుడు ఆమె గొంతులో పెత్తనం ఉండదు. యాభై అరవై ఏళ్ళ వయసులో పలక పట్టుకోవడానికి ఎంత సిగ్గు చంపుకోవాలో ఆలోచించండి. ఒక్క చులకన మాట పడితే ఆ మనిషి మళ్ళీ గడప తొక్కరు.

1957 జనవరిలో 14 మందితో తరగతి మొదలైంది. రాబిన్సన్ వాళ్ళతో నేను టీచర్ని కాదు, అందరం కలిసి నేర్చుకుందామని చెప్పారు. మీకేం నేర్చుకోవాలనుందని అడిగారు. ఓటు ఒక్కటే అని ఎవరూ అనలేదు. బైబిల్ చదవాలన్నారు. మనీ ఆర్డర్ ఫారం నింపడం రావాలన్నారు. దూరాన ఉన్న పిల్లలకు సొంతంగా ఉత్తరం రాయాలన్నారు. ఆమె అవే పాఠాలుగా చెప్పారు. చిన్నపిల్లల వాచకాలు పక్కన పెట్టేసి, ఓటరు నమోదు దరఖాస్తును, రాష్ట్ర చట్టంలోని మాటలను చదివించారు. పొలం పనులు లేని చలికాలంలో, వారానికి రెండు రాత్రులు. ఆ తరగతిలో కూర్చున్నవాళ్ళు ఓటర్లయ్యారు, పక్క దీవులవాళ్ళు మాకూ బడి కావాలన్నారు.

1961 నుంచి ఈ కార్యక్రమం మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ చేతికి వచ్చింది. క్లార్క్, డొరొతీ కాటన్, ఆండ్రూ యంగ్ కలిసి జార్జియాలో శిక్షణ శిబిరాలు నడిపారు. దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు కొన్ని రోజులు నేర్చుకుని, తమ ఊళ్ళకు తిరిగి వెళ్ళి బడి పెట్టేవారు. డిగ్రీలు అడిగేవారు కాదు. పైకి బాగా చదవడం, బోర్డు మీద అందరికీ అర్థమయ్యేలా రాయడం వస్తే చాలు. అలా తయారైన బడులు వందల్లో ఉండేవి. మిసిసిపీ పత్తి పొలాల్లో పనిచేసిన ఫానీ లూ హేమర్ కూడా ఈ శిక్షణ పొందినవారే. 1963 జూన్‌లో అలాంటి శిక్షణ నుంచి తిరిగి వస్తుండగా వైనోనా ఊళ్ళో ఆమెను అరెస్టు చేసి జైల్లో దారుణంగా కొట్టించారు. అయినా ఆమె ఆగలేదు. ఇంత చేసినా, ఆడమనిషినని ఆ సంస్థ పెద్దలు తన మాటకు విలువ ఇవ్వలేదని క్లార్క్ తర్వాత బాధపడ్డారు. మీ కమిటీ కట్టేటప్పుడు ఈ మాట గుర్తు పెట్టుకోండి.

తెలుగువాళ్ళకు ఇది మరీ కొత్త సంగతేం కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమానికి ఊపిరి పోసింది కూడా రాత్రిపూట జరిగిన అక్షరాస్యతా తరగతులే. దూబగుంట ఆడవాళ్ళ కథ వాచకంలో పాఠమై మిగతా ఊళ్ళకు పాకింది. 1993 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సారాను నిషేధించింది. చదువు నేర్చుకోవడానికి కూర్చున్న చోటే తమ కష్టం మాట్లాడుకోవడం అక్కడా జరిగింది, ఇక్కడా జరిగింది.

చట్టం వచ్చాక

1965 ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. చదువు పరీక్షలు ఆగిపోయాయి. మిసిసిపీలో 1964లో ఓటు హక్కు వయసున్న నల్లజాతీయుల్లో నూటికి ఏడుగురు కూడా ఓటర్లు కారు. 1967 నాటికి దాదాపు 60 మంది. చట్టం తలుపు తీసింది. భయం పోగొట్టి, చేయి పట్టుకుని ఆ తలుపు దాటించినవాళ్ళలో ఈ బడుల్లో తయారైన మనుషులెందరో.

ఇదే చట్టం ప్రకారం, ఓటర్లను అడ్డుకున్న చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల నిబంధనలు మార్చాలంటే ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాల్సి ఉండేది. ఏ రాష్ట్రాలకు ఇది వర్తిస్తుందో తేల్చే సూత్రాన్ని 2013 జూన్ 25న సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే రోజు టెక్సాస్, ఆ అనుమతి దొరక్క ఆగిపోయిన తన ఓటరు గుర్తింపు కార్డు చట్టాన్ని అమల్లోకి తెస్తున్నట్టు ప్రకటించింది. అంత వేగం! కాపలా ఉండే మనుషులు ఊరూరా లేకపోతే గెలిచిన చట్టం కూడా చేజారుతుంది.

ఈ కాలపు ఉదాహరణ ఒకటి చెప్తాను. అమెరికాలో నియోజకవర్గాల సరిహద్దులను చాలా రాష్ట్రాల్లో శాసనసభలే గీస్తాయి. అధికారంలో ఉన్న పార్టీ తన గెలుపుకు అనువుగా గీసుకోవడాన్ని జెర్రీమాండరింగ్ అంటారు. 2016 నవంబర్‌లో మిషిగన్‌లో కేటీ ఫాహీ అనే యువతి దీని మీద పనిచేయడానికి ఎవరైనా వస్తారా అని ఫేస్‌బుక్‌లో అడిగారు. వచ్చినవాళ్ళతో ఒక సంఘం ఏర్పడింది. వాళ్ళు ముందు బిల్లు రాసుకుని సంతకాలకు బయల్దేరలేదు. 33 రోజుల్లో 33 చోట్ల సమావేశాలు పెట్టి జనం ఏమంటున్నారో విన్నారు. ఆ తర్వాత, డబ్బు తీసుకోని వలంటీర్లే 4 లక్షల 25 వేలకు పైగా సంతకాలు సేకరించారు. 2018 నవంబర్‌లో 61 శాతం ఓట్లతో రాష్ట్ర రాజ్యాంగ సవరణ నెగ్గింది. ఇప్పుడు సరిహద్దులు గీసేది 13 మంది మామూలు పౌరుల కమిషన్: రెండు పార్టీల నుంచి నలుగురు చొప్పున, ఏ పార్టీకీ చెందనివాళ్ళు ఐదుగురు.

రాబిన్సన్ తరగతికీ దీనికీ అరవై ఏళ్ళ దూరం ఉన్నా, మొదటి అడుగు ఒకటే: మీకేం కావాలని అడగడం. కథ అక్కడితో అయిపోలేదు. ఆ కమిషన్ గీసిన డెట్రాయిట్ ప్రాంతపు 13 శాసనసభ స్థానాలు రాజ్యాంగ విరుద్ధమని 2023 డిసెంబర్‌లో ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. జాతి ఆధారంగా గీతలు గీశారన్నది అభ్యంతరం. కేసు వేసింది ఆ స్థానాల్లోని నల్లజాతి ఓటర్లే. మంచి ఉద్దేశంతో పెట్టిన వ్యవస్థ మీద కూడా కన్నేసి ఉంచాలని వాళ్ళకు తెలుసు.

ఈ వారం అభ్యాసం

మీరు రాసుకున్న సమస్య కింద ఐదారుగురి పేర్లు రాయండి. టైలరు, బ్యూటీ పార్లర్ నడిపే ఆవిడ, మెడికల్ షాపు ఆయన, ట్యూషన్ చెప్పే అమ్మాయి, ఆటో స్టాండులో నలుగురూ మాట వినే మనిషి, ఇలా. పార్టీ పదవుల్లో ఉన్నవాళ్ళను ఈసారికి వదిలేయండి. ఒక్కో పేరు ఎదురుగా మూడు సంగతులు రాయాలి. ఈ మనిషి బతుకుతెరువును ఎవరైనా ఒక్క ఫోన్ కాల్‌తో ఆపగలరా? జనం ఆ మనిషి దగ్గరికి ఎలాగూ వస్తుంటారా? తెలియనివాళ్ళకు చెప్పేటప్పుడు విసుక్కుంటారా? మూడో దానికి జవాబు ఊహించి రాయకండి, వెళ్ళి కాసేపు కూర్చుని చూడండి.

ఇద్దరు మిగిలినా మంచిదే. వాళ్ళలో ఒకరితో మాట్లాడి, వాళ్ళ చోటులోనే ఐదుగురిని ఒక గంట కూర్చోబెట్టమనండి. మీరు వెనక కూర్చోండి. ఉపన్యాసం ఇవ్వకండి. ఓటర్ల జాబితాలో పేరు గల్లంతైందని ఒకరంటే, పింఛను రాలేదని ఇంకొకరు అనవచ్చు. పింఛను మన విషయం కాదని తోసేయకండి, మనీ ఆర్డర్ ఫారాన్ని రాబిన్సన్ తోసేయలేదు. వాళ్ళ మాటలు వాళ్ళన్నట్టే రాసుకోండి.

వచ్చే పాఠంలో 1963 నవంబర్‌లో మిసిసిపీలో జరిగిన ‘ఫ్రీడమ్ ఓట్’ చూద్దాం. అసలు ఎన్నికలో ఓటు వేయనివ్వని జనం సొంతంగా బ్యాలెట్లు తయారు చేసుకుని సుమారు 80 వేల ఓట్లు వేసిన సంగతి అది. గవర్నరు అభ్యర్థిగా నిలబడిన ఆరన్ హెన్రీకి సొంత మందుల షాపు ఉండేది. ఆ సంగతి ఎందుకు చెబుతున్నానో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మీ ఐదుగురి మాటలు రాసిన కాగితం అప్పుడు కావాలి, దాన్నుంచే మన నమూనా బ్యాలెట్ తయారు చేస్తాం.