లేక్ దగ్గర పిక్నిక్: బంతి నీళ్లలో పడితే వదిలేయండి

ఐర్లండ్‌లో జూన్ బ్యాంక్ హాలిడే (అందరికీ ఉండే ప్రభుత్వ సెలవు) దగ్గర పడింది. ఈసారి ఎండ బాగా కాస్తుందని తెలిసిన దగ్గర్నుంచి మన వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట, "లాక్‌రే వెళ్దామా?" అని. వెళ్లాల్సిన చోటే. గాల్వేకి తూర్పున సుమారు 35 కిలోమీటర్ల దూరంలో చిన్న ఊరు, ఊరిని ఆనుకునే సరస్సు, గట్టున పచ్చిక, నీళ్లలో హంసలు. చిన్నపిల్లలున్న ఇంటివాళ్లకు ఇంతకంటే హాయైన చోటు దొరకడం కష్టం. కానీ ఐర్లండ్‌లో నీళ్లలో ప్రాణాలు పోయిన వార్తలు వచ్చేది కూడా ఇలాంటి ఎండ రోజుల్లోనే. 2022 ఆగస్టు 29న, అదీ అక్కడ బ్యాంక్ హాలిడేనే, ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ దగ్గర ఈనా లాక్ అనే సరస్సులో ఇద్దరు మలయాళీ కుర్రాళ్లు మునిగిపోయారు. ఇద్దరికీ పదహారేళ్లే. సెలవు రోజున పిల్లల్ని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లే ప్రతి ఇంటివాళ్లూ గుర్తుపెట్టుకోవాల్సిన ఘటన అది.

టోపీలు, సన్‌స్క్రీన్, మంచినీళ్ల సీసాల గురించి చెప్పను. అవి మీకు తెలుసు.

లోతు కంటే ముందు చలి

మన ఊళ్లలో చెరువు కనిపిస్తే పెద్దవాళ్లు ముందు అడిగేది "లోతెంత?" అని. గోదావరి కాలవల్లో, వ్యవసాయ బావుల్లో ఈత నేర్చుకున్నవాళ్లకు నీళ్ల చలి చంపుతుందన్న ఆలోచనే రాదు. ఇక్కడ ముందు అడగాల్సింది అదే. బయట 25 డిగ్రీల ఎండ ఉన్నా జూన్ మొదట్లో సరస్సు నీళ్లు 15 డిగ్రీల దగ్గరే ఉండొచ్చు. అంత చల్లటి నీళ్లలో ఒళ్లు ఒక్కసారిగా మునిగితే చర్మం కింద రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె వేగం, బీపీ పెరుగుతాయి, మన ప్రమేయం లేకుండానే గట్టిగా ఊపిరి పీల్చేస్తాం. ఆ క్షణంలో నోరు నీళ్లలో ఉంటే లోపలికి వెళ్లేది నీళ్లే. ఎంత ఈత వచ్చినా ఆ మొదటి నిమిషంలో అది పనికిరాదు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం.

నేను మళ్లీ మళ్లీ చూసిన తప్పు ఇదే. పిల్లలు ఆడుతుంటే బంతి నీళ్లలో పడుతుంది. గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తుంటే అది కళ్లముందే దూరం జరుగుతుంది. పిల్లాడు ఏడుస్తాడు. నాన్న అప్పటిదాకా ఎండలో కూర్చుని కడుపునిండా బిర్యానీ తిని ఉంటాడు. జీన్స్‌తోనే గభాల్న నీళ్లలోకి పరిగెడతాడు. మోకాళ్ల లోతు, నడుం లోతు, ఇంకో రెండు అడుగులేస్తే అందుతుంది అనుకుంటాడు. బంతి అందదు, గాలి దాన్ని ఇంకా లోపలికి తోస్తూనే ఉంటుంది. పడిన వస్తువు చెప్పు కావచ్చు, ఫోన్ కావచ్చు, గాలి నింపిన బొమ్మ కావచ్చు. ఏదైనా సరే, వదిలేయండి.

లాక్‌రే సరస్సు గురించి ఇంకో మాట. సున్నపురాయి నేల మీద ఊటలతో నిండే సరస్సు అది. నీళ్లు తేటగా ఉంటాయి. అడుగు కనిపిస్తోంది కదా అని ధైర్యం చేయకండి, తేట నీళ్లలో లోతు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. కొన్నిచోట్ల 15 మీటర్ల దాకా ఉంది.

పిల్లల మీద కన్ను

పదిమంది పెద్దవాళ్లు ఉన్నచోట పిల్లల్ని ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు. అందుకని ఒక మనిషిని పేరు పెట్టి చెప్పండి: "ఈ అరగంట నువ్వు చూడు." ఆ అరగంట ఆ మనిషి చేతిలో ఫోన్, ప్లేటు ఉండకూడదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకో తాతయ్యకో పిల్లల్ని అప్పజెప్పి సరస్సు చుట్టూ నడవడానికి వెళ్లొద్దు. పరిగెత్తే మూడేళ్ల పిల్లని వాళ్లు పట్టుకోలేరు, పట్టుకోవాలని చూసి వాళ్లే జారిపడతారు. మునిగేవాళ్లు కేకలు వేస్తారని ఎదురుచూడకండి. చాలాసార్లు చప్పుడే ఉండదు.

లైఫ్‌గార్డు ఉండే వేళలు బోర్డు మీద రాసి ఉంటాయి, చదవండి. చాలాచోట్ల జూన్‌లో శని, ఆదివారాలే ఉంటారు, జూలై నుంచే రోజూ వస్తారు. వెలుతురు రాత్రి పదింటి దాకా ఉంటుంది, లైఫ్‌గార్డు ఉండరు.

ఇక మిగతావి:

దిగాలనిపిస్తే లైఫ్‌గార్డు ఉన్నప్పుడే, మెల్లగా, ఒడ్డు వెంబడే దిగండి. దూకొద్దు.

గాలి నింపిన ట్యూబులు, పడవ బొమ్మలు ఇంట్లోనే వదిలి రండి. చేతులకు తొడిగే గాలి పట్టీలు లైఫ్‌జాకెట్ కావు.

కయాక్ గానీ చిన్న పడవ గానీ ఎక్కితే లైఫ్‌జాకెట్ తప్పనిసరి. 7 మీటర్ల లోపు పడవలో అందరికీ, అంతకంటే పెద్ద పడవ డెక్ మీద పదహారేళ్ల లోపు పిల్లలకు, చట్టమే చెబుతోంది.

నీళ్ల మీద పచ్చరంగు పెయింట్ ఒలికినట్టు తెట్టు కనిపిస్తే ఎవ్వరూ దిగొద్దు, కుక్కనీ దిగనివ్వొద్దు. అది విషపు నాచు కావచ్చు. కుక్కలు దానితో చచ్చిపోతాయి.

పొడుగు గడ్డిలో ఆడిన పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక పిడుదు (టిక్) అంటుకుని ఉందేమో ఇంటికి వచ్చాక చూడండి.

హంస పిల్లల దగ్గరికి వెళ్లొద్దు.

బీర్ తాగినవాళ్లు నీళ్లలోకి వెళ్లొద్దు. ఒక్కటే తాగాను అన్నా సరే.

ఒడ్డున తగిలించిన రింగ్‌బాయ్‌తో (మునిగేవాళ్లకు విసిరే తేలే చక్రంతో) పిల్లల్ని ఆడనివ్వొద్దు. అది ఎక్కడుందో వెళ్లగానే చూసుకోండి.

బంతి పోతే పోనివ్వండి. కొత్తది కొనుక్కోవచ్చు.

మీరే నీళ్లలో పడిపోతే ఈదకండి. తల వెనక్కి వాల్చి, చెవులు నీళ్లలో ఉంచి, వెల్లకిలా తేలండి. ఒకటి రెండు నిమిషాల్లో ఊపిరి అదుపులోకి వస్తుంది. అప్పుడు కేకేయండి, అప్పుడు ఈదండి.

వేరేవాళ్లు మునుగుతుంటే మీరు దూకొద్దు. కన్నబిడ్డ అయినా మొదట ఒడ్డున పడుకుని కర్రో, చున్నీయో, టవలో అందించండి. అందకపోతే రింగ్‌బాయ్ విసరండి. ఇంకొకరు 112కి గానీ 999కి గానీ ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి. సముద్రం కాదు కదా అని సందేహించకండి, సరస్సులకూ వాళ్లే.

ఒడ్డుకు తెచ్చాక తడి బట్టలు తీసి పొడివి తొడగండి, గాలి తగలనివ్వకండి. బయటికి వచ్చాక కూడా కాసేపు ఒళ్లు ఇంకా చల్లబడుతూనే ఉంటుంది. నీళ్లు మింగి దగ్గుతున్న పిల్లాడు లేచి నవ్వుతూ ఆడుకుంటున్నా సరే, ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చూపించండి. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోతే ఇబ్బంది కొన్ని గంటల తర్వాత కూడా మొదలవుతుంది.