ఫిల్టర్ గేజ్ ముల్లు ఎర్రలోకి వెళ్తే: ఎప్పుడు నమ్మాలి, ఏం చెయ్యాలి

"అన్నా, ఫిల్టర్ గేజ్ రెడ్‌లో ఉంది గానీ మిషన్ బాగానే నడుస్తోంది." బాలానగర్, జీడిమెట్ల వైపు ప్లాస్టిక్ మోల్డింగ్ యూనిట్లకు హైడ్రాలిక్ పని మీద వెళ్లినప్పుడు ఆపరేటర్ల నోట నేను ఎక్కువగా వినే మాట ఇది. హైడ్రాలిక్ ఆయిల్‌ను వడకట్టే ఫిల్టర్ మురికితో చోక్ అయినా మిషన్ నడుస్తూనే ఉంటుంది. ఎందుకంటే లోపల బైపాస్ వాల్వ్ ఉంటుంది. అది తెరుచుకుందంటే ఆయిల్ ఎలిమెంట్‌లోకి (మురికిని పట్టి ఉంచే లోపలి భాగంలోకి) వెళ్లకుండా పక్కదారిన ట్యాంకులో పడుతుంది, ఇనుప రజనుతో సహా. ఆ రజనే మళ్లీ పంపులోకి, వాల్వుల్లో అటూ ఇటూ జరిగే స్పూల్స్‌లోకి పోయి వాటిని గీరేస్తుంది. ఆ సంగతి మనకు తెలిసేసరికి పంపు విప్పాల్సి వస్తుంది.

ఇండికేటర్, అంటే ఈ గేజ్, చేసే పని చిన్నదే. ఎలిమెంట్‌లో మురికి పట్టేకొద్దీ ఆయిల్ దాన్ని దాటడానికి ఎక్కువ ప్రెషర్ కావాలి. ఆ ప్రెషర్‌నే ఇది కొలుస్తుంది. బైపాస్ 3 బార్ దగ్గర తెరుచుకునే రిటర్న్ ఫిల్టర్ (ఆయిల్ ట్యాంకుకు తిరిగొచ్చే దారిలోది) అయితే ఇండికేటర్‌ను 2 బార్ ప్రాంతంలో సెట్ చేసి ఉంచుతారు. ఈ రెండింటి మధ్య ఉన్నదే మీకిచ్చిన గడువు. అది పెద్ద గడువేమీ కాదు. కొత్త ఎలిమెంట్ మీద ముల్లు చాలాకాలం కదిలీ కదలనట్టు ఉంటుంది, చివర్లో మాత్రం గబగబా పైకి పోతుంది. అందుకే పసుపులోకి వచ్చిన రోజే కొత్త ఎలిమెంట్ తెప్పించి స్టోర్‌లో పెట్టుకోవాలి.

రిటర్న్ లైన్‌లో మామూలుగా పచ్చ, పసుపు, ఎరుపు రంగుల గేజ్ ఉంటుంది. ప్రెషర్ లైన్ ఫిల్టర్‌కు ముందు, వెనక ప్రెషర్ల తేడా చూసే ఎర్ర బటన్ ఉంటుంది, తేడా ఎక్కువైతే పైకి లేస్తుంది. సక్షన్ వైపు, అంటే పంపు ఆయిల్ పీల్చుకునే వైపు, ఉంటే అది వాక్యూమ్ గేజ్. సర్వో వాల్వ్ (ఆయిల్‌ను చాలా కచ్చితంగా నియంత్రించే సున్నితమైన వాల్వ్) ముందు పెట్టే కొన్ని ఫిల్టర్లకు అసలు బైపాసే ఉండదు. అక్కడ ఎర్ర బటన్ వస్తే షిఫ్ట్ అయ్యేదాకా కూడా ఆగొద్దు.

ఇప్పుడు అసలు విషయం, గేజ్ ఎప్పుడు చూడాలన్నది. డిసెంబరు ఉదయం మిషన్ ఆన్ చేయగానే ముల్లు ఎర్రలో ఉంటే కంగారు పడొద్దు. 68 గ్రేడ్ ఆయిల్ 20 డిగ్రీల దగ్గర, 40 డిగ్రీల దగ్గర ఉన్నదానికంటే దాదాపు మూడింతలు చిక్కగా, చల్లారిన బెల్లం పాకంలా ఉంటుంది. శుభ్రమైన ఎలిమెంట్ కూడా దానికి అడ్డుగానే కనిపిస్తుంది. ఆయిల్ 40 డిగ్రీలు దాటాక చూడండి. అప్పటికీ ఎర్రలోనే ఉంటే అది నిజమైన ఎరుపు. ఎర్ర బటన్ రకమైతే ఆయిల్ వేడెక్కాక ఒకసారి లోపలికి నొక్కండి. మళ్లీ లేచిందంటే ఎలిమెంట్ మార్చాల్సిందే.

వేడి సరిపోయినా ఇంకో సంగతి ఉంది. ఆయిల్ పారుతున్నప్పుడే గేజ్ రీడింగుకు అర్థం. మిషన్ ఖాళీగా ఉన్నప్పుడు పచ్చలో ఉందని చూసి వెళ్లిపోతే ఏమీ చూడనట్టే. మోల్డ్ తెరుచుకునే క్షణంలో ముల్లు మీద కన్ను పెట్టండి. సిలిండర్ వెనక్కి వచ్చేటప్పుడు రాడ్ లేని వైపు నుంచి ఆయిల్ ఎక్కువగా బయటికి వస్తుంది. రెండు వైపుల వైశాల్యం 2:1 ఉంటే పంపు నిమిషానికి 100 లీటర్లు ఇస్తున్నప్పుడు రిటర్న్‌లో 200 లీటర్లు వస్తాయి. ఫిల్టర్ మీద అసలు భారం అప్పుడే. ఆ రీడింగునే ఆయిల్ వేడి, అవర్ మీటర్ అంకెతో కలిపి రోజూ ఒకే చోట రాయండి. కొత్త ఎలిమెంట్ వేసిన రోజు రీడింగు తప్పకుండా ఉండాలి, మిగతావన్నీ దానితోనే పోల్చుకోవాలి.

నన్ను ఎర్రకంటే ఎక్కువ భయపెట్టేది నెలల తరబడి కదలని ముల్లు. ఎలిమెంట్ చిరిగి ఉండొచ్చు, బైపాస్ కింద చెత్త ఇరుక్కుని తెరుచుకునే ఉండిపోయి ఉండొచ్చు, గేజే పాడై ఉండొచ్చు. కొన్నిచోట్ల మూత తీస్తే లోపల ఎలిమెంటే ఉండదు! కాగితం, గ్లాస్ ఫైబర్ ఎలిమెంట్లను కిరోసిన్‌లో కడిగి, గాలి కొట్టి మళ్లీ బిగించే అలవాటు కూడా చాలాచోట్ల ఉంది. గాలి దెబ్బకు పొర చిరుగుతుంది, ముల్లు పచ్చలోకి వస్తుంది, అందరూ సంతోషిస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. కడుక్కోగలిగింది సక్షన్‌లో ఉండే తీగ జాలీ స్ట్రైనర్‌ని మాత్రమే.

వైరు ఉన్న ఇండికేటర్ అయితే ఎన్‌సీ కాంటాక్ట్‌కు (మామూలుగా కలిసి ఉండేదానికి) కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. వైరు తెగినా, ప్లగ్ ఊడినా అలారం వస్తుంది. ఎన్ఓకు (మామూలుగా విడిగా ఉండేదానికి) కలిపితే వైరు తెగిన సంగతి ఎవరికీ తెలియదు. అప్పుడప్పుడు ప్లగ్ పీకి అలారం వస్తోందో లేదో చూడండి. పొద్దున చల్లని ఆయిల్‌తో వచ్చే అలారాన్ని పీఎల్‌సీలో (మిషన్‌ను నడిపే కంట్రోలర్‌లో) ఆయిల్ టెంపరేచర్ షరతు పెట్టి ఆపాలి. చిరాకు పడి వైరు కోసెయ్యడం పరిష్కారం కాదు.

మార్చేటప్పుడు మోటార్ ఐసోలేటర్ ఆపి తాళం వేయండి, అక్యుమ్యులేటర్ (ప్రెషర్‌తో ఆయిల్ నిల్వ ఉంచే సీసా) ఉంటే దాని ప్రెషర్ పూర్తిగా దించండి. ఆ తర్వాతే మూత మీద చెయ్యి వెయ్యాలి. మూత చుట్టూ దుమ్ము తుడవకుండా విప్పితే అదంతా ట్యాంకులోకే పోతుంది. ఎలిమెంట్ మెల్లగా లేపి, ఆయిల్ కారనిచ్చి, బౌల్ అడుగున చేరిన మడ్డి తుడిచెయ్యండి. బైపాస్ వాల్వ్‌ను వేలితో నొక్కి వదలండి, స్ప్రింగ్‌తో చటుక్కున వెనక్కి రావాలి. ఓ-రింగ్ కొత్తది వేయండి. కొత్త ఎలిమెంట్ నంబరు, మైక్రాన్ (ఎంత సన్నని రజను ఆపుతుందో చెప్పే అంకె) పాతదానితో సరిచూసుకోండి. బిగించే నిమిషం దాకా ప్లాస్టిక్ కవర్ విప్పొద్దు. కొత్త డ్రమ్ములోని ఆయిల్ కూడా శుభ్రంగా ఉంటుందని నమ్మలేం, దాన్ని ఫిల్టర్ ట్రాలీతోనే (వడకట్టి ఎక్కించే చక్రాల బండితో) ట్యాంకులో పోయాలి.

పాత ఎలిమెంట్ పారేసే ముందు కత్తితో కోసి, మడతలు విప్పి వెలుతురులో చూడండి. పసుపు మెరుపు కనిపిస్తే పంపులోని ఇత్తడి, కంచు భాగాలు అరుగుతున్నట్టు. నల్లటి మెత్తని ముక్కలైతే సిలిండర్ సీళ్లు. కాగితం ఉబ్బి, ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు చేరాయి, ముందు ఆయిల్ కూలర్ లీకు చూడండి. పసుపు మెరుపు ఎక్కువగా ఉంటే ఎలిమెంట్ మార్చి ఊరుకోవద్దు, పంపు కేస్ డ్రెయిన్ లైన్ (పంపు లోపల లీకైన ఆయిల్ ట్యాంకుకు పోయే గొట్టం) విప్పి ఆయిల్ ఎంత వస్తోందో అదే రోజు కొలవండి.