పాత ఆటలకు ప్రాసెసర్, 4వ పాఠం: 133 అడిగితే 400 ఎందుకొచ్చింది?

పాత డాస్ ఆటలు తర్వాతి ప్రాసెసర్ల మీద మరీ జోరుగా పరిగెడతాయి కాబట్టి ప్రాసెసర్‌ను నెమ్మది చేయాలి. దానికోసం గత పాఠంలో "మల్టిప్లయర్‌ను 2కి దించండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. చాలామంది అక్కడే బోల్తా పడ్డారు. బస్ (చిప్‌కూ బోర్డుకూ మధ్య దారి) వేగం 66, దాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే మల్టిప్లయర్ 2 అంటే ప్రాసెసర్‌కు 133 మెగాహెర్ట్జ్ రావాలి. ఏఎమ్‌డీ కె6-2 పెట్టుకున్న వాళ్లకు మాత్రం తెర మీద 400 కనిపించింది. బస్‌ను 100లో ఉంచిన వాళ్లకు అసలు తెరే వెలగలేదు. కంగారు పడకండి, ఏదీ కాలిపోలేదు. జంపర్ (బోర్డు మీద అమరికలు మార్చే చిన్న బిళ్ల) మళ్లీ పాత చోట పెడితే మెషీన్ లేస్తుంది.

మల్టిప్లయర్‌ను నిర్ణయించేది బోర్డు కాదు. జంపర్ చేసే పనల్లా మల్టిప్లయర్ కోడ్ అందుకునే ప్రాసెసర్ బీఎఫ్ పిన్నుల స్థితి మార్చడమే. ఆ స్థితిని చదువుకుని ఎన్ని రెట్లు తిరగాలో తేల్చుకునేది ప్రాసెసరే. బోర్డు మీద అచ్చేసిన పట్టిక ఆ బోర్డు తయారైన నాటి చిప్‌లకు సరిపోతుంది. తర్వాత వచ్చిన చిప్‌లకు పెద్ద అంకెలు కావాల్సొచ్చాయి, పిన్నులేమో అవే. అందుకని ఎవరూ వాడని చిన్న అంకెల కోడ్‌లను పెద్ద అంకెలకు ఇచ్చేశారు. పెంటియం ఎమ్ఎమ్ఎక్స్ 233లో 1.5 అంటే 3.5. సీఎక్స్‌టీ అనే తర్వాతి రకం కోర్ ఉన్న కె6-2లో 2 అంటే 6. అరవై ఆరును ఆరుతో గుణించి చూడండి, మీ 400 దొరుకుతుంది. నూరైతే 600, దానికి ఆ చిప్ లేవదు. కాబట్టి ఈ కె6-2తో మీరు దిగగలిగేది 2.5 వరకే, అంటే 66 బస్ మీద 166.

అయితే ఏ చిప్ కొనాలి? నా ఓటు పెంటియం ఎమ్ఎమ్ఎక్స్ 166కో 200కో. 233 వల్ల ఈ పనికి అదనంగా ఒరిగేదేమీ లేదు. డాస్ ప్రాంప్ట్ నుంచే మల్టిప్లయర్ మార్చాలనుకుంటే కె6-2+ గానీ కె6-III+ గానీ చూడండి. పేరు చివర ఆ ప్లస్ గుర్తు లేకపోతే ఆ సౌకర్యం ఉండదు. ప్లస్ చిప్‌లను సెట్‌మల్ అనే చిన్న ప్రోగ్రాముతో జంపర్ ముట్టుకోకుండానే 2కి దించొచ్చు. కోర్ వోల్టేజీ మాత్రం చూసుకుని పెట్టండి: ఎమ్ఎమ్ఎక్స్‌కు 2.8, మామూలు కె6-2కు ఎక్కువగా 2.2, ప్లస్‌లకు 2.0. చిప్ మీద ఏ అంకె అచ్చయి ఉంటే దానిదే ఆఖరి మాట.

చిప్ లోపల ఉండే చిన్న, వేగమైన మెమరీని ఎల్1 క్యాష్ అంటారు. దాన్ని ఆపడం నెమ్మది చేసే ఇంకో దారి, అదీ సెట్‌మల్‌తోనే. ఇక నన్ను విసిగించే సంగతికి వస్తాను. "ఎల్1 క్యాష్ ఆపేశాను, మల్టిప్లయర్ 3 నుంచి 2కి దించాను, అయినా వేగం అంతే ఉంది, సెట్‌మల్ పని చేయడం లేదు" అన్న ఫిర్యాదు. సెట్‌మల్ శుభ్రంగా పని చేస్తోంది. మీరు తిప్పుతున్న మర చక్రానికి తగలడం లేదు, అంతే.

ఎల్1 ఉన్నప్పుడు ఆట లూపులో చాలా భాగం చిప్ లోపలే తిరుగుతుంది. లోపల జరిగేదంతా మల్టిప్లయర్ లెక్కన నడుస్తుంది. అందుకే 200ను 133 చేస్తే తేడా కంటికి కనిపిస్తుంది. ఎల్1 ఆపేస్తే ప్రతి ఆదేశం కోసం, ప్రతి డేటా ముక్క కోసం చిప్ బయటికి వెళ్లాలి. ఆ దారి బస్‌ది. 66 బస్‌లో ఒక్కో అడుగుకు 15 నానోసెకన్లు. మెమరీని ఒక్కసారి చదవడానికి అలాంటి అడుగులు కొన్ని పడతాయి. క్యాష్ నింపేటప్పుడు వరుసగా నాలుగు ముక్కలు ఒకేసారి వచ్చే సౌకర్యం కూడా ఇప్పుడు ఉండదు, ఒక్కో ముక్కకు ఒక్కో ప్రయాణం. అంతసేపూ చిప్ ఖాళీగా కాచుకుని కూర్చుంటుంది. మూడు రెట్ల వేగంతో కాచుకున్నా, రెండు రెట్ల వేగంతో కాచుకున్నా వచ్చే సరుకు ఒకే సమయానికి వస్తుంది.

అదే బస్‌ను 66 నుంచి 50కి దించండి. అడుగు 15 నుంచి 20 నానోసెకన్లు అవుతుంది, వేగం దాదాపు పావు వంతు పడిపోతుంది. చాలా బోర్డుల్లో కార్డులు గుచ్చే పీసీఐ బస్ కూడా 33 నుంచి 25కి దిగుతుంది కాబట్టి వీడియో కార్డూ నెమ్మదిస్తుంది. ఎల్1 ఉన్నప్పుడు మల్టిప్లయర్ తిప్పండి, లేనప్పుడు బస్ తిప్పండి. రెండూ కలిపి తిప్పి, ఏది ఏం చేసిందో తెలియక జుట్టు పీక్కోవద్దు.

ఎల్1 ఆపితే పెంటియం వేగం పాత 386 చిప్ దరిదాపుల్లోకి వస్తుంది. వేగానికి కళ్లెం లేని వింగ్ కమాండర్ (1990) లాంటి ఆటకు కావాల్సింది అదే. కానీ అల్టిమా 7 (1992)కు అంత దిగితే నడక ఈడ్చుకుంటూ సాగుతుంది. దానికి మధ్య మెట్టు కావాలి. ఎమ్ఎమ్ఎక్స్ మీద నాకున్న మోజు ఇక్కడే. పెంటియంలో టీఆర్12 అనే టెస్ట్ రిజిస్టర్ ఉంది. దానితో బ్రాంచ్ ప్రిడిక్షన్‌ను (ప్రోగ్రాము తర్వాత ఏ దారి పడుతుందో చిప్ ముందే ఊహించడం) ఆపొచ్చు, ఆదేశాలు నడిపే రెండు పైపులైన్లలో ఒకదాన్ని పక్కన పెట్టొచ్చు, క్యాష్‌ను అలాగే ఉంచొచ్చు. ఆ స్విచ్‌ల పేర్లు సెట్‌మల్ రీడ్‌మీలో ఉన్నాయి. ముందు బ్రాంచ్ ప్రిడిక్షన్, తర్వాత పైపులైన్, అదీ చాలకపోతేనే ఎల్1.

టైమర్ ఇంటరప్ట్‌లో (గడియారం చేస్తున్న పని ఆపి చిప్‌ను పిలిచే చోట) దూరి ఖాళీ లూపు తిప్పే నెమ్మది ప్రోగ్రాములు నాకు నచ్చవు. సెకనుకు 18.2 సార్లు ఆపి వదులుతాయి, ఆట కుంటుతుంది. సంగీతం కోసం టైమర్‌ను తిరగరాసే ఆటల్లో లెక్క ఇంకా తప్పుతుంది.

1981 నాటి 4.77 మెగాహెర్ట్జ్ 8088 కోసం సైకిళ్లు లెక్కపెట్టి రాసిన ఆటలకు ఈ పాఠం పనికిరాదు. అన్నీ ఆపేసినా పెంటియం అంత కిందికి దిగదు.

వేగమైన చిప్ మీద కొన్ని ప్రోగ్రాములు మొదట్లోనే కూలిపోతూ చూపించే రన్‌టైమ్ ఎర్రర్ 200 గురించి. అది టర్బో పాస్కల్‌లో, దానితో వచ్చే సీఆర్‌టీ యూనిట్ అనే సిద్ధంగా ఉన్న కోడ్ ముక్కతో కట్టిన ప్రోగ్రాములది. మొదలవగానే 55 మిల్లీసెకన్లలో లూపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కించి 55తో భాగిస్తుంది. ఫలితం 16 బిట్లలో పట్టాలి, అంటే 65,535 దాటకూడదు. లూపు 36 లక్షల సార్లకు మించి తిరిగిందా, భాగహారం పొంగి ప్రోగ్రాము కూలుతుంది. 200 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల మొదలయ్యే రోగం ఇది. దీనికోసం మెషీన్‌ను నెమ్మది చేయకండి. ఆ ఫైలుకు ప్యాచ్ వేయండి, పోతుంది.

రోజూ వాడటానికి మూడు వరసల బ్యాచ్ ఫైలు చాలు: మొదటిది సెట్‌మల్ ఎల్1డి (ఎల్1 ఆపడానికి), రెండోది ఆట పేరు, మూడోది సెట్‌మల్ ఎల్1ఇ (మళ్లీ తెరవడానికి). మూడోది మరిచిపోతే ఆట నుంచి బయటికొచ్చాక డైరెక్టరీ చూడటానికి కూడా విసుగొస్తుంది.

అభ్యాసం. బస్ 50, 60, 66. మల్టిప్లయర్ 2, 2.5, ఎల్1 ఉండగా, లేకుండా. మొత్తం 12 అమరికలు. ఒక్కోదానిలో వేగం కొలిచే టాప్‌బెంచ్ ప్రోగ్రాము మూడేసి సార్లు నడిపి మధ్య అంకె రాసుకోండి. డాస్ మొదలయ్యేటప్పుడు చదివే కాన్ఫిగ్.సిస్‌లో హైమెమ్ అనే మెమరీ డ్రైవర్ మాత్రమే ఉంచండి, జంపర్ మార్చే ప్రతిసారీ కరెంటు తీసేయండి. తర్వాత ఎల్1 లేని వరసలు చూడండి: ఒకే బస్ దగ్గర 2కీ 2.5కీ అంకెలు దగ్గర దగ్గరగా ఉండాలి. బాగా దూరంగా ఉంటే మీ క్యాష్ అసలు ఆగలేదన్నమాట. ఈఎమ్ఎమ్386 అనే ఇంకో మెమరీ డ్రైవర్ ఎక్కడో లోడ్ అవుతూ ఉండొచ్చు, దాని కింద క్యాష్‌ను ఆపే ఆదేశాలు నేరుగా నడవవు. లేదంటే మీరు వాడిన ప్రోగ్రాము ఆపే బిట్‌ను పెట్టి, క్యాష్‌ను ఖాళీ చేయకుండా వదిలేసింది. అప్పుడు లోపల మిగిలిన పాత వరసలనే చిప్ ఇంకా చదువుకుంటోంది.