గుర్రు కొట్టే మనిషి చిగుళ్లు కూడా చూడండి

మా ఆయన లారీ డ్రైవర్. మిర్యాలగూడ మిల్లుల నుంచి కాకినాడ పోర్టుకు బియ్యం లోడు తోలుతడు. పెళ్లయిన కాన్నుంచి ఆయన గుర్రుకు అలవాటు పడ్డ. పోయిన ఎండకాలం ఒక రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే మెలకువొచ్చింది. ఆ నిశ్శబ్దంల గుర్రు టక్కున ఆగింది. చెయ్యి పెట్టి చూస్తే ఛాతీ ఎగురుతున్నది, ముక్కు దగ్గర గాలి లేదు. లోపల్లోపల లెక్కపెట్టుకున్న. 22 దాకా వచ్చినంక, నీళ్లు తక్కువైన బోరు మోటరు గాలి గుంజినట్టు ఒక్కసారి ఊపిరి తీసుకున్నడు. పొద్దున బ్రష్ చేసి ఉమ్మితే సింకుల ఎర్రటి చార. ఈ రెండింటికీ సంబంధం ఉంటదని అప్పటికి నాకు తెల్వదు.

దీన్ని స్లీప్ ఆప్నియా అంటరు. నిద్రల గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతది. అట్ల 10 సెకన్లకు పైగా ఆగితే ఒకసారి కింద లెక్క. గంటకు 5 నుంచే జబ్బు మొదలు, 30 చేరితే తీవ్రం. గాలి కోసం రాత్రంతా నోరు తెరుచుకుంటది, ఉమ్మి ఎండిపోతది. పండ్లను కడిగి కాపాడేది ఆ ఉమ్మే. అది లేకపోతే పాచిల క్రిములు పెరిగి చిగుళ్లు వాస్తయి. మాటిమాటికీ ఆక్సిజన్ పడిపోవుడు కూడా ఒంట్ల వాపును పెంచుతది. షుగరు, బరువు, సిగరెట్టు రెండింటికీ తోడు. ఒకటి ఇంకోదానికి కారణమని డాక్టర్లు తేల్చలేదు. రెండూ ఒకే మనిషిల కలిసి కనబడుడు ఎక్కువని మాత్రం చెప్తరు. అందుకే చిగుళ్లు బాగు చేయించుకుంటే గుర్రు పోతదని నేను చెప్పను.

ముందుగాల రాత్రి సంగతి చూడండి. మూడు రాత్రులు ఫోన్‌ల వీడియో తీయండి. తెల్లారుజామున తప్పకుండా తీయండి, మా ఆయనకు అప్పుడే ఎక్కువసార్లు ఆగేది. ఎన్ని సెకన్లు ఆగిందో కాయితం మీద రాయండి. పొద్దున తలనొప్పి, నోరు పిడచకట్టుడు, కూర్చున్న చోటే కునుకు ఉన్నయా అన్నది కూడా రాయండి. పండుకున్న మనిషికి ఇవేవీ తెల్వవు, పక్కనున్నోళ్లే చెప్పాలె. పగలు కునుకు పడుతుంటే మాత్రం నిద్రల ఊపిరి కొలిచే పరీక్ష అయ్యేదాకా స్టీరింగ్ పట్టనియ్యకండి. ఈ మాట మీద మా ఇంట్ల పెద్ద గొడవే అయింది. "కిరాయి పోతది" అన్నడు. "నువ్వు పోతే?" అన్న.

తర్వాత నోరు. ఎండ వెలుగుల పెదవి కిందికి లాగి చూడండి. మంచి చిగురు పన్నును గట్టిగా పట్టుకొని ఉంటది. చెడ్డది ఉబ్బి నున్నగా మెరుస్తది, ముట్టుకుంటే రక్తమొస్తది. సిగరెట్టు తాగేటోళ్లకు రక్తం సరిగ్గ కనబడదు, బాగున్నయని మోసపోకండి.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు. పంటికి ఏమైనా "ఫ్లోరైడ్ నీళ్లు" అని వదిలేసే అలవాటు మాకు. పండ్ల మీద గోధుమ మరకలు చిన్నప్పుడు తాగిన నీళ్లవే, నిజమే. చిగుళ్ల రక్తం మాత్రం పాచిది, దానికి మందు ఉన్నది.

మొదట పోయిన ఒక పండ్ల దవాఖానల పేస్టు మార్చుమని పంపిండ్రు. గుర్రు గురించి వాళ్లు అడగలే, మేమూ చెప్పలే. రెండో చోట డాక్టరమ్మ సన్న పుల్లతోటి చిగురు లోతు కొలిచింది. 3 మిల్లీమీటర్ల దాకా మంచిదే. ఆమె "5, 6, 5" అని చెప్తుంటే పక్కనున్న పిల్ల రాసుకుంటున్నది. నేను వీడియో తీసి చూపించిన. మీరూ అట్లనే చేయండి: పండ్ల డాక్టరుకు గుర్రు, బీపీ, షుగరు చెప్పండి, గొంతు డాక్టరుకో, ఊపిరితిత్తుల డాక్టరుకో చిగుళ్ల సంగతి చెప్పండి. ఎందుకంటే నిద్రల గాలి దారి మూసుకుపోకుండ కింది దవడను ముందుకు పట్టి ఉంచే పరికరం కొందరికి ఇస్తరు. అది పండ్ల మీదనే నిలబడాలె, ఊగే పండ్లు దాన్ని మోయవు.

గార, అంటే గట్టిపడ్డ పాచి, తీయిస్తే పండ్లు వదులైతయని మా అత్తమ్మ భయపడ్డది. గార పోయినంక అప్పటిదాకా దాని కింద దాగిన సందులు కనబడతయి, కొన్నాళ్లు చల్లనీళ్లకు జివ్వుమంటది, అంతే. ఇంట్ల మెత్తటి బ్రష్షు చిగురు దిక్కు ఏటవాలుగా పెట్టి 2 నిమిషాలు తోమాలె, సందులకు సన్న బ్రష్షు వాడాలె. బొగ్గు, ఇటుక పొడి వద్దు. రాత్రి తోముడు అస్సలు మానొద్దు, ఉమ్మి తగ్గేది అప్పుడే. తోమినంక నీళ్లు తప్ప ఏమీ ముట్టొద్దు. మందు, కల్లు తాగి పండుకుంటే గొంతు ఇంకా వదులైతది. ఎల్లెలుకల పడుకోనియ్యక, వీపు వెనుక దుప్పటి చుట్టపెట్టి పక్కకు తిప్పండి.

పరీక్ష చేసి సీప్యాప్ మిషన్ (మాస్కుతోటి గాలి కొట్టి గొంతు దారి తెరిచి ఉంచేది) ఇస్తే నోరు ఎండుతున్నదేమో చూడండి. గాలికి తేమనిచ్చే నీళ్ల డబ్బా దానికి ఉంటది. బోరు నీళ్లు పోస్తే తెల్లగా పేరుకుంటది, డిస్టిల్డ్ వాటర్ పోయండి. మాస్కు రోజూ సబ్బునీళ్లతోటి కడగండి. నోరు తెరుచుకుంటే ముక్కు, నోరు రెండూ కప్పే మాస్కు అడగండి.

మూడు నెలలకు మళ్లీ కొలిస్తే కింది పండ్ల దగ్గర 4, 3 వచ్చినయి. వెనుక దవడ పన్ను దగ్గర ఇంకా 5 ఉన్నది, దానికోసం వచ్చే నెల మళ్లీ పోవాలె.