పొందూరు తెలుపులో నేత పోకూడదంటే: మోనోక్రోమ్ రేంజ్‌ఫైండర్‌తో ఎక్స్‌పోజర్

మోనోక్రోమ్ కెమెరా, అంటే నలుపు తెలుపు ఫొటోలు మాత్రమే తీసేది, చేతికొస్తే ముందు తెలుపును కాపాడాలి. నీడలను తర్వాత చూసుకోవచ్చు. రంగుల కెమెరా సెన్సర్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లుంటాయి. ఆకుపచ్చ గడి నిండిపోయినా పక్క గడిలో కాస్త వివరం మిగులుతుంది, సాఫ్ట్‌వేర్ దాంతో తెలుపును కొంత వెనక్కి తెస్తుంది. లైకా కంపెనీ ఎం మోనోక్రోమ్ రేంజ్‌ఫైండర్ కెమెరాల్లో ఆ గళ్లే లేవు. పిక్సెళ్లన్నీ ఒకే తీరుగా నిండుతాయి. ఒకసారి వెలుగెక్కువై ఒట్టి తెల్లగా మారిపోయిన పంచె అంచు ఇక ఎప్పటికీ తిరిగిరాదు. నీడలు అలా కాదు. రంగు మచ్చలు పడవు కాబట్టి తర్వాత రెండు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు) ఎత్తినా సన్నటి రవ్వలా కనబడుతుంది, అంతే.

ఫైల్ డీఎన్‌జీలో, అంటే సెన్సర్ పట్టిన వివరమంతా ఉండే రా ఫైల్‌గా, ఉంచండి. పగటివేళ ఆటో ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందనను కెమెరాయే మార్చుకోవడం) ఆపేసి ఆ మోడల్ సహజ స్థాయి అయిన బేస్ ఐఎస్ఓ పెట్టండి: 2012 మోడల్‌కీ 2015లో వచ్చిన టైప్ 246కీ 320, ఎం10 మోనోక్రోమ్‌కి 160, ఎం11 మోనోక్రోమ్‌కి 125. హిస్టోగ్రామ్ (ఎడమన నలుపు, కుడిన తెలుపు ఎంతుందో చూపే గ్రాఫ్), క్లిప్పింగ్ హెచ్చరిక (వివరం పోయిన చోటు చూపేది) రెండూ ఆన్ చెయ్యండి.

అసలు పరీక్ష పొందూరు మగ్గాల ఇళ్లలో. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతున్న ఆమె గుమ్మం పక్కన కూర్చుంటుంది, వెలుగంతా ఒళ్లోని పత్తి మీదే పడుతుంది, వెనక గది చీకటి. మధ్యభాగానికి ఎక్కువ విలువిచ్చే వెలుగు మీటర్ ఆ చీకటి గోడను చూసి షట్టర్ 1/30 సెకను తెరవమంటుంది. నమ్మితే పత్తి ఒట్టి తెల్ల మచ్చగా మిగులుతుంది. అందుకే మాన్యువల్‌లోకి వెళ్లి, అడిగి దగ్గరకెళ్లండి. ఫ్రేమ్ మధ్యంతా పత్తే ఉండేలా పట్టుకుని షట్టర్ సగం నొక్కండి. లెన్స్ రంధ్రం ఎఫ్4 దగ్గర ఉంటే 1/250తో మీటర్ సరిపోయిందనుకుందాం. మీటర్‌కి పత్తి అని తెలీదు, ఏది చూపినా మధ్యస్థ బూడిదరంగు చేసేస్తుంది. కాబట్టి అక్కడినుంచి ఒకటిన్నర స్టాప్ పెంచండి: 1/180, 1/125, 1/90. ఇప్పుడు వెనక్కొచ్చి ఫ్రేమ్ కుదుర్చుకోండి. వెనక గోడ ఎంత నల్లగా పడినా డయల్ ముట్టుకోవద్దు.

ఒకటిన్నరే ఎందుకు, రెండు పెంచకూడదా? మీ కెమెరాకి ఎంతవరకు చెల్లుతుందో అరగంటలో తేల్చుకోవచ్చు. ఇస్త్రీ చెయ్యని తెల్ల ఖద్దరు ముక్కను ఎండలో ఆరేసి, మీటర్ చెప్పినదాని నుంచి ప్లస్ మూడు వరకు అరస్టాప్ చొప్పున ఏడు ఫ్రేములు తియ్యండి. కంప్యూటర్‌లో నూరు శాతానికి పెంచి చూడండి. పడుగు, పేక విడివిడిగా కనబడే చివరి ఫ్రేమే మీ హద్దు. దానికి అరస్టాప్ కింద ఆగండి. ఈ ఒక్క పని చేస్తే సగం తిప్పలు తీరినట్టే.

కళింగపట్నం తీరంలో మీటర్‌తో పనే లేదు. నడినెత్తి ఎండకి ఐఎస్ఓ 320, ఎఫ్8, 1/1250 సరిపోతుంది. మెరిసే ఇసుక, అలల నురగ ఉంటే ఎఫ్11, 1/1000. ఎఫ్2లో తియ్యాలంటే 1/20000 కావాలి, పాత మోడళ్ల షట్టర్ 1/4000 దగ్గరే ఆగిపోతుంది. వెలుగును తగ్గించే బూడిదరంగు గాజు, అంటే మూడు స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్, తగిలిస్తే 1/2500కి దిగుతుంది. లైట్‌హౌస్ వెనక ఆకాశం నల్లబడాలంటే లెన్స్‌కి రంగు ఫిల్టర్ వెయ్యాలి: పసుపు ఫిల్టర్ సుమారు ఒక స్టాప్ వెలుగు తింటుంది, నారింజ రెండు, ఎరుపు మూడు. ఎరుపుతో కొబ్బరి తోట కూడా నల్లబడిపోతుంది, ఇక్కడి తీరానికి నారింజే నప్పుతుంది. ఫిల్టర్ వేశాక మీటర్ అంకెని పూర్తిగా నమ్మకుండా హిస్టోగ్రామ్ కుడి అంచు చూడండి.

విజయనగరం సిరిమానోత్సవంలో లెక్క తిరగబడుతుంది. పైకి లేచిన పొడవాటి మాను చివర కూర్చున్న పూజారి, వెనకంతా ఆకాశం. మీటర్ ఆకాశాన్ని చూసి మనిషిని నల్లటి బొమ్మ చేసేస్తుంది. అదే వెలుగులో మీ అరచేతిని మీటర్ చేసి ఒక స్టాప్ పెంచి, మాన్యువల్‌లో వదిలెయ్యండి. ఆకాశం కాస్త పోయినా ఇక్కడ మొహమే ముఖ్యం. మబ్బులు కూడా కావాలంటే అరస్టాపే పెంచి, మొహాన్ని డీఎన్‌జీలో ఎత్తుకోండి. సాయంత్రం వెలుగు తగ్గేకొద్దీ పది నిమిషాలకోసారి చెయ్యి మళ్లీ చూడాలి. చీకటి పడ్డాక ఐఎస్ఓ 3200కి జంకక్కర్లేదు.

రేంజ్‌ఫైండర్‌లో మనం చూసేది లెన్స్‌లోంచి కాదు. మూత తియ్యకపోయినా, నిన్నటి నారింజ ఫిల్టర్ అలాగే ఉన్నా ఫైండర్‌లో దృశ్యం మామూలుగానే కనబడుతుంది. పట్టపగలు మీటర్ 1/15 అడిగిందంటే ముందు లెన్స్ ముందువైపు చూడండి.