లేజర్ కంపెనీల షేర్లు కొనాలనుకుంటే ఎలా మొదలుపెట్టాలి?

2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్ ఆయుధంతో డ్రోన్లను కూల్చి చూపించాక "లేజర్ షేర్లు ఏవున్నాయి, చెప్పండి" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ ఆయుధాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లోని చెస్ అనే డీఆర్‌డీఓ ల్యాబ్. అది ప్రభుత్వానిది, దానికి షేర్లుండవు. ప్రభుత్వ రంగ కంపెనీ బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ఉంది కదా అంటారా? అది తయారుచేసే డ్రోన్ నిరోధక వ్యవస్థలో లేజర్ ఉన్న మాట నిజమే, కానీ బీఈఎల్ కొంటే మీరు కొంటున్నది ప్రధానంగా రాడార్ల వ్యాపారాన్ని, రక్షణ ఎలక్ట్రానిక్స్‌ని. లేజర్ కోసమే కొనాలంటే కథ వేరు, చూపు కాస్త బయటికి వెళ్లాలి.

1. లేజర్‌తో ఏం పని, డబ్బెవరిస్తారు?

షేరు ధర చూడకముందే ఈ రెండింటికీ జవాబు ఒక్క వాక్యంలో రాసుకోండి. రాయలేకపోతే ఆ కంపెనీని వదిలేయండి. ఎందుకంటే ఇనుప రేకులు కోసే ఫైబర్ లేజర్, డేటా సెంటర్లలో సమాచారాన్ని మోసే గోరంత లేజర్ చిప్, రెండింటి పేరూ లేజరే అయినా వ్యాపారాలకి పొంతనే లేదు. మొదటిది ఫ్యాక్టరీలు కొత్త మెషిన్లు కొంటేనే నడుస్తుంది, రెండోది క్లౌడ్ కంపెనీలు ఎంత ఖర్చు పెడుతున్నాయన్న దాని మీద.

2. అసలు మార్కెట్లో దొరుకుతుందా?

జర్మనీలోని ట్రంఫ్ ఈ రంగంలో చాలా పెద్ద పేరు. చిప్‌లు తయారుచేసే యంత్రాలమ్మే నెదర్లాండ్స్ కంపెనీ ఏఎస్ఎంఎల్ వాళ్ల ఈయూవీ (అతి సూక్ష్మ గీతల్ని కాంతితో ముద్రించే) మెషిన్లలో సెకనుకి 50,000 తగరపు బిందువుల్ని కొట్టే లేజర్ దీనిదే. కానీ అది కుటుంబ కంపెనీ, లిస్ట్ కాలేదు. దొరికేవాటిలో ఐపీజీ ఫోటోనిక్స్, కోహెరెంట్, లుమెంటమ్, ఎన్‌లైట్ నాలుగూ అమెరికాలో లిస్టయినవే. ఏఎస్ఎంఎల్ షేరూ దొరుకుతుంది గానీ, దాన్ని లేజర్ కంపెనీ అనడం కంటే చిప్ మెషిన్ల కంపెనీ అనడమే సరి.

3. వార్షిక నివేదిక తెరవండి

ఎక్కువ టైం పెట్టాల్సింది ఇక్కడే. అమెరికా కంపెనీలు అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి ఇచ్చే 10-కె అనే వార్షిక నివేదిక, ఆ సంస్థదే అయిన ఎడ్గర్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వంద పేజీలు చూసి భయపడక్కర్లేదు, మూడు చోట్ల ఆగితే చాలు: అమ్మకాలు ఏ దేశం నుంచి వస్తున్నాయి, పెద్ద కస్టమర్లు ఎందరు, స్థూల మార్జిన్ (అమ్మకాల్లో తయారీ ఖర్చు పోగా మిగిలే శాతం) ఐదేళ్లలో ఎటు పోయింది.

ఐపీజీనే తీసుకోండి. ఫైబర్ లేజర్లలో రారాజు. 2018లో అమ్మకాలు దాదాపు 146 కోట్ల డాలర్లు, మార్జిన్ 50 శాతం పైన, ఆ అమ్మకాల్లో 40 శాతానికి పైగా చైనా నుంచే. తర్వాత వూహాన్‌కి చెందిన రేకస్ లాంటి చైనా కంపెనీలు అదే పని చేసే లేజర్లని చౌకగా అమ్మడం మొదలుపెట్టాయి, దానికి తోడు ఉక్రెయిన్ యుద్ధం వచ్చి రష్యాలోని ఫ్యాక్టరీల్ని 2024లో నష్టానికి అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది అమ్మకాలు 98 కోట్ల డాలర్లకి పడిపోయాయి, మార్జిన్ 35 శాతం దగ్గరికి వచ్చింది. టెక్నాలజీ చెడిపోయిందా అంటే లేదు, లేజర్లు ఇంకా బాగా పనిచేస్తున్నాయి. పోయింది ధర చెప్పే పట్టు. ఇది వార్తల్లో ఆలస్యంగా కనబడుతుంది, మార్జిన్ల వరసలో మాత్రం ముందే తెలిసిపోతుంది.

4. ఏఐ ఊపులో ఎంత ధర పెడుతున్నారు?

2025 మార్చిలో ఏఐ చిప్‌ల కంపెనీ ఎన్విడియా తన ఫోటోనిక్స్ స్విచ్‌ల (డేటా సెంటర్లలో కాంతితో సమాచారం పంపే పరికరాల) భాగస్వాములుగా కోహెరెంట్, లుమెంటమ్ పేర్లు చెప్పింది. ఆ ఏడాది లుమెంటమ్ షేరు విపరీతంగా పెరిగింది కూడా. ఆర్డర్లు నిజమైనవే, కాదనను. అయితే లుమెంటమ్ పుట్టింది ఫైబర్ నెట్‌వర్క్‌లకి భాగాలు చేసే జేడీఎస్ యూనిఫేజ్ నుంచి, 2015లో విడిపోయి. ఆ జేడీఎస్ యూనిఫేజ్ ఇంటర్నెట్ బూమ్ రోజుల్లో ఇలాగే ఆకాశానికెక్కి, 2001లో 5,000 కోట్ల డాలర్లకు పైగా నష్టం చూపించింది, అందులో చాలా వరకు ఎక్కువ ధర పెట్టి కొన్న కంపెనీల విలువని ఖాతాల్లో కొట్టేయడమే. ఫైబర్ కేబుళ్లు అప్పుడూ నిజమే కదా! అందుకే ఒకేసారి డబ్బంతా పెట్టకండి, మూడు నాలుగు త్రైమాసికాలకి పంచండి, పోయినా ఇంట్లో టెన్షన్ రాని మొత్తమే పెట్టండి.

5. ఇండియా నుంచి కొనడం

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఈ భాగం చదవక్కర్లేదు. ఇక్కడివాళ్లు విదేశీ షేర్లు కొనిపెట్టే బ్రోకర్ దగ్గర ఖాతా తెరిచి, డబ్ల్యూ-8బెన్ ఫారం (అమెరికా పన్నుల కోసం మీరు అక్కడివారు కాదని చెప్పేది) నింపి, బ్యాంకు ద్వారా ఎల్ఆర్ఎస్ (విదేశాలకి డబ్బు పంపడానికి ఆర్‌బీఐ ఇచ్చిన పథకం) కింద డబ్బు పంపాలి. ఏడాదికి పరిమితి 2,50,000 డాలర్లు. పంపింది 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. రిటర్న్‌లో అది సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కున్నట్టే.

రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద పన్ను 12.5 శాతం. ఒక్క షేరున్నా ఐటీఆర్‌లో షెడ్యూల్ ఎఫ్ఏ (విదేశీ ఆస్తుల వివరాల పట్టిక) నింపాలి, అదీ ఆర్థిక సంవత్సరం లెక్కన కాదు, జనవరి నుంచి డిసెంబర్ లెక్కన. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.